డీజిల్ బండి - నాటి పొగ, నేటి ఫిల్టరు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు మొదట వెనకాడాను. పి.ఆర్.సి. ఉద్యమాల చరిత్ర, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన చరిత్ర రాయడానికి నాకంటె అర్హులు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం చూసింది వాహనాల సీటు. ఆఫీసు జీపు లాగ్ బుక్కు, డీజిల్ బిల్లులు, రిపేరు ఎస్టిమేట్లు, చివరకు పాత బండిని కండెమ్ చేయించే ఫైలు, ఇదే నా లోకం. కాబట్టి నాకు తెలిసిన చరిత్రే రాస్తున్నాను. ఇది డీజిల్ బండి పొగ చరిత్ర. రిటైరైన పదిహేనేళ్ళకు ఆ పొగ మా ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది గనుక నా సొంత గోడు కూడా ఇందులో కొంత కలుస్తుంది. పాఠకులు మన్నించాలి.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. సర్వీసంతా అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోనే గడిచింది. మా ఆఫీసుకు మొదట పెట్రోలు జీపు ఉండేది. 1980లలో డీజిల్ జీపు వచ్చింది. దాని డ్రైవరు నాకంటె పదేళ్ళు పెద్ద. ఉదయం తొమ్మిదింటికల్లా వచ్చి, బానెట్ ఎత్తి నీళ్ళు, ఆయిలు చూసి, హీటరు వేసి కాసేపు ఆగి, అప్పుడు స్టార్టు చేసేవారు. చేసిన తరువాత క్యాంపు ఉన్నా లేకపోయినా పదిహేను నిమిషాలు ఇంజను అలాగే ఆడనిచ్చేవారు. జీపు వెనక గోడ పొగచూరి వంటింటి గోడలా ఉండేది. రికార్డు రూము కిటికీ అటువైపే ఉండడం వల్ల రిజిస్టర్ల మీద సన్నని మసి పడేది. ఉదయం గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడేది. ఆయన దగ్గు కూడా ఆ ఇంజను చప్పుడుతోపాటే వినబడుతుండేది. దాన్ని మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు.

ఒకసారి ఆడిట్ వారు వచ్చి అభ్యంతరం రాశారు. ప్రయాణం ఏమీ లేని రోజులలో డీజిల్ ఎట్లా ఖర్చయిందని ప్రశ్న. లాగ్ బుక్కు నా చేతిలోది గనుక జవాబు నేనే తయారు చేయాలి. డ్రైవరు గారిని పిలిచి అడిగాను.

"గుమస్తాగారూ, డీజిల్ బండి ఎద్దు లాంటిదండీ. పని లేదని కట్టేసి ఉంచితే లేవదు. రోజూ లేపి నాలుగడుగులు వేయించాలి. బ్యాటరీ పోతే కొత్తది శాంక్షన్ చేయించడానికి మీకే ఆరు నెలలు పడతాదండీ" అన్నారు.

ఆ మాటనే ప్రభుత్వ భాషలోకి మార్చి, బ్యాటరీ సంరక్షణ నిమిత్తం ప్రతిదినము 15 నిమిషములు ఇంజను నడుపుట ఆవశ్యకమని, తద్వారా ప్రభుత్వ ధనము ఆదా అగుచున్నదని రాశాను. ఆడిట్ వారు ఆ పేరా డ్రాప్ చేశారు. నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునే కొద్ది జవాబులలో అదొకటి. ఆ జవాబే ముప్పై ఏళ్ళ తరువాత నా కొంప ముంచింది. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను తుడిచిపెట్టిన సంగతి మన జిల్లా వారెవరూ మరచిపోలేరు. ఆ తరువాతి రోజులలో మా జీపు పగలనక రాత్రనక తిరిగింది. కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉంటే, వాటిని నరికి దారి చేసేవరకు గంటల తరబడి ఆగవలసి వచ్చేది. అప్పుడు కూడా డ్రైవరు గారు ఇంజను ఆపేవారు కాదు. ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదో, తోయడానికి ఆ బురదలో మనుషులెక్కడ దొరుకుతారని ఆయన భయం. ఆగి ఉన్న బండి ఇంజనును ఆపకపోవడమే ఆనాటి తెలివి. నేటి కార్లు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వాటంతట అవే ఇంజను ఆపేసుకుంటున్నాయి. నడుమ ఏం జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

డీజిల్ అన్నది మొదట మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో సరిగా పనిచేసే ఇంజనును చూపించాడు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడానికి ప్లగ్గు ఉంటుంది. ఈయన ఇంజనులో అది లేదు. గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి నూనె చిమ్మితే దానంతట అదే మండుతుంది. తక్కువ నూనెతో ఎక్కువ పని జరుగుతుంది. 1900 పారిస్ ప్రదర్శనలో ఇటువంటి ఇంజను ఒకదాన్ని వేరుశనగ నూనెతో కూడా నడిపి చూపారు. పాపం, ఆయన 1913లో ఇంగ్లండుకు పోతున్న ఓడ మీద నుంచి మాయమై సముద్రంలో శవంగా తేలాడు.

ఆ ఇంజను మొదట ఫ్యాక్టరీలలోను, తరువాత ఓడలలోను, లారీలలోను కుదురుకుంది. కారులోకి రావడం ఆలస్యమైంది. మెర్సిడెస్ బెంజ్ వారు 1936లో బెర్లిన్ ప్రదర్శనలో పెట్టిన 260 డి అనే కారును తొలి డీజిల్ కార్లలో ముఖ్యంగా చెబుతారు. దాన్ని ఎక్కువగా కొన్నది ఎవరనుకున్నారు? టాక్సీ వారు. ఈ ఒక్క ముక్క పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంజను చల్లారకుండా తిరిగేవాడికే డీజిల్ లాభమని ఆనాడే తేలిపోయింది. మన దేశంలో 1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు డీజిల్ ఇంజను పెట్టినప్పుడు కూడా ముందుగా ఎగబడ్డది టాక్సీ వారే. 1998 చివరలో టాటా ఇండికా వచ్చాక సామాన్య గృహస్థుడు కూడా డీజిల్ కారు కొనసాగాడు.

ఎందుకు కొన్నాడంటే ధర. ట్రాక్టర్లు, పంపుసెట్లు, బస్సులు, లారీలు దాని మీదే నడుస్తాయి కాబట్టి ప్రభుత్వం డీజిల్ ధరను తక్కువలో ఉంచింది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద అదుపు తీసేశారు గాని డీజిల్ మీద తీయలేదు. దానితో 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటగా డీజిల్ 41 రూపాయల లోపే ఉంది. లీటరుకు ముప్పై రూపాయల పైచిలుకు తేడా కనబడుతుంటే ఎవరు ఊరుకుంటారు? నెలకు నాలుగుసార్లు గుడికి, బజారుకు తిరిగేవాడు కూడా డీజిల్ కారే కొన్నాడు. 2014 అక్టోబరులో డీజిల్ మీద కూడా అదుపు పోయింది. తేడా తరుగుతూ వచ్చి, 2020 జూన్ 24న ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలును దాటింది. అయినా డీజిల్ చవక అన్న మాట మాత్రం జనం నోట్లో నిలిచిపోయింది.

ఇక పొగ సంగతి. డీజిల్ పొగలోని నల్లదనమంతా సరిగా మండని బొగ్గు నలుసులు, అంటే మసి. ఈ నలుసులు ఎంత సన్నవంటే ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల అడుగుకు పోతాయి. డీజిల్ పొగ మనుషులలో క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చి, దాన్ని పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న తరగతిలోనే చేర్చింది.

అమెరికాలో కాలిఫోర్నియా వారు అంతకు చాలా ముందే నిబంధనలు పెట్టారు. వాటి కోసం మెర్సిడెస్ వారు 1985లో కొన్ని డీజిల్ కార్లకు పొగ ఫిల్టరు పెట్టారు గాని అది ఎక్కువ కాలం నిలబడలేదు. 2000 సంవత్సరంలో ఫ్రాన్సు దేశపు ప్యూజో వారు తమ 607 కారులో పెట్టినదే నిలదొక్కుకుంది. అక్కడి నుంచి యూరపంతా పాకింది. మన దేశంలో భారత్ స్టేజ్ అని మెట్లు మెట్లుగా నిబంధనలు వచ్చాయి. 2010లో హైదరాబాదు వంటి నగరాలకు నాలుగో మెట్టు, మనబోటి ఊళ్ళకు మూడో మెట్టు. 2017 ఏప్రిల్‌కు దేశమంతా నాలుగు. ఆ తరువాత అయిదో మెట్టు ఎక్కకుండానే ఆరుకు దూకాలని 2016 జనవరిలో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ప్రకారం 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్. 6 వచ్చింది. నాలుగో మెట్టులో డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి వదలవచ్చు. ఆరో మెట్టులో నాలుగున్నర మిల్లీగ్రాములు మాత్రమే. పైగా నలుసుల సంఖ్యకు కూడా లెక్క పెట్టారు. డీజిల్‌లోని గంధకాన్ని 50 పాళ్ళ నుంచి 10 పాళ్ళకు తగ్గించారు, పది లక్షల పాళ్ళకు అన్నమాట. ఫిల్టరు లేకుండా ఈ లెక్కకు దిగడం డీజిల్ కారు తరం కాదు. అందుకే కొందరు తయారీదారులు చిన్న డీజిల్ కార్లు మానుకున్నారు. మారుతి వారు 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేశారు.

ఈ ఫిల్టరు ఎలా ఉంటుందో సర్వీసు సెంటరులో కోసి పెట్టిన ముక్కను చూశాను. తేనెపట్టులాగా సన్నని గొట్టాలు. ఒక గొట్టానికి ఈ చివర మూత, పక్క గొట్టానికి ఆ చివర మూత. పొగ ఒకదానిలో దూరి, బయటికి దారి లేక, గోడలోని సూక్ష్మ రంధ్రాల గుండా పక్క గొట్టంలోకి పోవాలి. గాలి పోతుంది, మసి గోడకు అంటుకుంటుంది. మన ఇళ్ళలో కాఫీ ఫిల్టరు వంటిదే. కాఫీ ఫిల్టరును రోజూ కడుగుతాం. దీన్ని ఎవరు కడుగుతారు? తనను తానే కాల్చుకుని శుభ్రపడాలి. మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. దూరప్రయాణంలో పొగకే మంచి వేడి ఉంటుంది గనుక కొంత మసి నడుస్తుండగానే కాలిపోతుంది. మిగతాదాని కోసం కారులోని కంప్యూటరు, ఫిల్టరుకు ముందూ వెనకా పొగ ఒత్తిడిలో తేడా కొలిచి, నిండుతున్నదని తోచినప్పుడు ఇంజనులోకి కాస్త ఎక్కువ డీజిల్‌ను ఆలస్యంగా చిమ్మిస్తుంది. అది పొగగొట్టంలోకి పోయి మండి వేడి పుట్టిస్తుంది. పది, ఇరవై నిమిషాలలో మసి కాలిపోయి ఫిల్టరు మళ్ళీ కొత్తదవుతుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. మన కమ్యుటేషన్ పునరుద్ధరణకు 15 ఏళ్ళు పట్టినట్టు కాదు, దీనికి పావుగంట చాలు. అయితే ఆ పావుగంట బండి ఆగకుండా, ఒక తీరున, వేడెక్కిన ఇంజనుతో నడవాలి. షరతంతా అక్కడే ఉంది.

ఇంజను తనంతట ఆగిపోయే ఏర్పాటుకు కూడా ఒక చరిత్ర ఉంది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టడంతో ప్రపంచమంతా గగ్గోలెత్తింది. 1974లో జపాను టొయోటా వారు క్రౌన్ కారులో ఇటువంటిది పెట్టి చూశారు. 1983లో ఇటలీ ఫియట్ వారు రెగాటా కారులో పెట్టారు. కొన్నవారికి రుచించక రెండూ మూలపడ్డాయి. మన దేశంలో 1978లో ఏర్పడిన పెట్రోలియం పొదుపు సంస్థ వారు సిగ్నల్ దగ్గర ఇంజను ఆపండని రేడియోలోను, పత్రికలలోను చెప్పి చెప్పి అలసిపోయారు. మనిషి వినకపోతే యంత్రమే వింటుందని యూరపు వారు 2000 తరువాత మళ్ళీ మొదలుపెట్టారు. 2008 ప్రాంతంలో మన దేశంలో మహీంద్రా వారు కూడా తెచ్చారు. క్లచ్చి వదిలితే ఇంజను ఆగుతుంది, తొక్కితే లేస్తుంది. రోజుకు ఎన్నోసార్లు లేవాలి గనుక దీనికి మామూలు బ్యాటరీ చాలదు, గట్టి రకం కావాలి. బ్యాటరీలో తగినంత చార్జి లేకపోయినా, ఇంజను వేడెక్కకపోయినా, ఫిల్టరు కాలుతున్న సమయమైనా ఇంజను ఆగడం మానేస్తుంది. ఈ మూడో కారణం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ 2021లో డీజిల్ కారు కొన్నాడు. హైదరాబాదు నుంచి కాకినాడకు నెలకు రెండుసార్లు వచ్చిపోయేవాడు. సంవత్సరంలో 28,000 కిలోమీటర్లు తిరిగింది. ఒక్కనాడూ పేచీ పెట్టలేదు. 2022 ఆగస్టులో అమెరికా వెళుతూ, "నాన్నా, అమ్మను డాక్టరు దగ్గరకి ఆటోలో తిప్పకండి, ఇది మీ దగ్గరే ఉంచండి" అని తాళాలు నా చేతిలో పెట్టాడు. అన్నేళ్ళు బండి కాగితాలు చూశాను గాని నేను స్టీరింగు పట్టింది రిటైరైన తరువాతే. అయినా సంతోషించాను. అలవాటు కొద్దీ ఒక లాగ్ బుక్కు కూడా తెరిచాను. మా ఆవిడ నవ్వింది.

మా ఇల్లు రామారావుపేటలో. రైతుబజారు, బ్యాంకు, మందుల షాపు, లైఫ్ సర్టిఫికేటు పని, ఇంతే మా తిరుగుడు. బండి కదలని రోజులలో ఏం చేయాలో నాకు తెలుసు కదా! పాత డ్రైవరు గారిని తలచుకుని, రోజూ ఉదయం తొమ్మిదింటికి గేటు లోపలే స్టార్టు చేసి పదిహేను నిమిషాలు ఆడనిచ్చేవాడిని. ఎద్దును లేపి నిలబెడుతున్నానని నా నమ్మకం.

ఆ శీతాకాలంలో భానుగుడి సెంటరు సిగ్నల్ దగ్గర ఇంజను ఆగడం మానేసింది. "పీడా వదిలింది, ఆగిపోయినప్పుడల్లా నాకు గుండె దడ" అంది మా ఆవిడ. నాకూ హాయిగానే ఉంది. తరువాత కొన్నాళ్ళకు, ఇంటికి వచ్చి ఇంజను ఆపినా ముందున్న ఫ్యాను బుసలు కొడుతూ తిరుగుతుండేది. ఎండల వల్ల అనుకున్నాను. ఒకనాడు అలవాటు ప్రకారం ఆయిలు పుల్ల తీసి చూస్తే మట్టం తరగకపోగా గుర్తు దాటి పెరిగి ఉంది. ఆయిలు తాగని బండి అని మురిసిపోయాను! సర్వీసులో ఎన్నో అంకెలను అనుమానించిన నేను, పోయకుండా పెరిగిన ఆయిలును అనుమానించలేదు.

ఆ తరువాత పసుపు దీపం వెలిగింది. బజారు పనే కదా, తీరిగ్గా చూపిద్దామని వారం గడిపాను. 2023 జూలైలో ఒక రాత్రి ఒంటిగంటకు మా ఆవిడ గుండె పట్టేసినట్టుందని లేచి కూర్చుంది. కారులో కూర్చోబెట్టుకుని బయలుదేరాను. వీధి మలుపు దాటగానే ఇంకో దీపం వెలిగి బండి నీరసించిపోయింది. ఎంత తొక్కినా నలభై దాటదు. ఆసుపత్రి నాలుగు కిలోమీటర్లు. నా పక్కన ఆవిడ మాట్లాడడం లేదు. ఆ రాత్రి రోడ్డంతా ఖాళీగా ఉంది, నా బండి మాత్రం ఎడ్లబండిలా పోతోంది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి గ్యాసు అని తేల్చి పంపారు. అదే వేరే ఏదైనా అయితే అన్న ఆలోచన ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్రలోంచి లేపుతుంది.

మర్నాడు సర్వీసు సెంటరు వారు కంప్యూటరు తగిలించి, ఫిల్టరు నిండిపోయిందని, ఇంజను పాడు కాకుండా బండి తనంతట తానే బలం తగ్గించుకుందని చెప్పారు. అక్కడి కుర్రవాడు బుద్ధిమంతుడు. నా లాగ్ బుక్కు అడిగి చూశాడు. పదకొండు నెలలలో 212 ప్రయాణాలు, 1,166 కిలోమీటర్లు. సగటున రానుపోను అయిదున్నర కిలోమీటర్లు.

"బాబాయ్ గారూ, ఇంజను వేడెక్కేలోపే మీరు ఆపేస్తున్నారండీ. ఫిల్టరు కాల్చుకోవడం మొదలెట్టిన ప్రతిసారీ మధ్యలో ఆగిపోయింది. అలా సగంలో ఆగినప్పుడు మండని డీజిల్ కొంత కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. మీ ఆయిలు పెరిగింది అందుకేనండీ. ఆ పల్చబడ్డ ఆయిలుతో ఇంకొన్నాళ్ళు తిప్పితే ఇంజనుకే దెబ్బ" అన్నాడు.

"రోజూ పదిహేను నిమిషాలు ఆడిస్తున్నానయ్యా" అన్నాను.

"అదే అసలు తప్పండీ. నిలబెట్టి ఆడిస్తే పొగకు వేడి చాలదు. మసి మాత్రం చేరుతుంది. బ్యాటరీ కూడా అంతగా నిండదు" అన్నాడు.

ఆడిట్ వారికి నేను రాసిన జవాబు అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ జీపుకు అది నిజమే. దాని పొగకు అడ్డేమీ లేదు, గోడ నల్లబడితే నల్లబడింది. ఈ బండిలో ఆ మసి గోడ మీదికి పోదు, దాని కడుపులోనే ఉంటుంది. అదే పని, అదే పావుగంట, ఒకనాడు సంరక్షణ, ఈనాడు హాని. ఇంటికి వచ్చి కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చదివాను. సన్నని ఇంగ్లీషు అక్షరాలలో అంతా రాసే ఉంది. అమ్మినవారు నోటితో చెప్పలేదు, మేము చదవలేదు. ఇంగ్లండులో కూడా ఇదే కథ నడిచింది. అక్కడ 2001లో కారు పన్నును పొగలోని బొగ్గుపులుసు వాయువును బట్టి వేయడంతో జనం డీజిల్‌కు మళ్ళారు. పిల్లలను బడికి దింపడానికీ, బజారుకూ తిరిగేవారి ఫిల్టర్లు పూడుకుపోయాయి. ఆ బాధ పడలేక కొందరు ఫిల్టరే పీకించేశారు. దానితో 2014 ఫిబ్రవరి నుంచి ఫిల్టరు లేని బండిని వార్షిక తనిఖీలో ఫెయిల్ చేయసాగారు.

పీకించే సలహా నాకూ వచ్చింది. ఆయిలు మార్చి, కంప్యూటరు ద్వారా బలవంతాన ఫిల్టరు కాల్పించినందుకు బిల్లు కట్టి వచ్చిన నెలకే పసుపు దీపం మళ్ళీ వెలిగింది. ఫిల్టరే మార్చాలంటే నా నెల పెన్షను చాలదు. ఊరి బయట ఒక షెడ్డు మేస్త్రీ, "లోపలిది పగలగొట్టి తీసేస్తానండీ, కంప్యూటరుకు తెలియకుండా సర్దేస్తాం, జన్మలో దీపం వెలగదు" అన్నాడు. అడిగిన డబ్బు తక్కువే. బండిని తయారీదారు ఇచ్చిన రూపం నుంచి మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తప్పు అని నాకు తెలుసు, ఆ సెక్షను మీద నోట్లు రాసినవాణ్ణి. అయినా నిజం చెప్పాలి, మనసు ఊగింది. ఆ రాత్రి నాలుగు కిలోమీటర్లు తలచుకుంటే చట్టం గుర్తుకు రాలేదు.

"సరే, ఒకసారి చూపించు" అంటే, అటువంటి పని చేసిన బండి ఒకటి స్టార్టు చేశాడు. గుప్పున నల్లటి పొగ వచ్చి షెడ్డు గోడకు కొట్టింది. పక్కన పదహారేళ్ళ కుర్రవాడు నేల మీద కూర్చుని నట్లు కడుగుతున్నాడు. తల కూడా తిప్పలేదు, దగ్గాడంతే. మా డ్రైవరు గారి దగ్గు కూడా అచ్చం అలాగే ఉండేది. ఆయన 1998లో రిటైరయ్యారు. ఎక్కువ కాలం పెన్షను తీసుకోలేదు, ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఆయనకు బీడీ, చుట్ట అలవాటు లేదు. ఆ జబ్బు ఆ పొగ వల్లనే వచ్చిందని నేను రాయలేను, ఆ మాట ఏ డాక్టరూ రాసివ్వలేదు. కుటుంబ పెన్షను కాగితాలు మాత్రం నేనే తయారు చేశాను. మేస్త్రీకి టీ డబ్బులిచ్చి వచ్చేశాను.

అప్పటి నుంచి సర్వీసు సెంటరు కుర్రవాడు చెప్పినట్టు నడుపుతున్నాను. ఉదయం గేటులో ఆడించడం మానేశాను. బజారుకు, బ్యాంకుకు నడక, లేదా ఆటో. రెండు వారాలకొకసారి, వీలైతే రెండో శనివారం, కారు తీసి పిఠాపురం, కత్తిపూడి మీదుగా అన్నవరం వెళ్ళి వస్తాం. యాభై కిలోమీటర్ల దారి. పిఠాపురం దాటాక అరవై, డెబ్బై వేగంతో, పై గేరుకు తొందరపడకుండా ఆగకుండా పోనిస్తాను. ఫిల్టరు కాల్చుకుంటుంటే ఇంజను చప్పుడు కాస్త బరువెక్కుతుంది, మైలేజి అంకె పడిపోతుంది. ఇంటికి చేరేసరికి ఫ్యాను బుసకొడుతుంటే ఇంజను ఆపను, ఇంకో పది కిలోమీటర్లు తిప్పి తెస్తాను. ఆయిలు కూడా ఈ ఫిల్టరు ఉన్న బండ్లకు చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించాలి. మసి కాలుతుంది గాని ఆయిలు వల్ల మిగిలే బూడిద కాలదు, లోపలే ఉండిపోతుంది. ఇంకొక మాట. మన వైపు కోతల కాలంలో రోడ్ల మీద గడ్డి పరుస్తారు. పొగగొట్టం 600 డిగ్రీల దాకా వేడెక్కే బండిని ఆ గడ్డి మీద ఆపరాదు. బండి కిందికి గడ్డి చుట్టుకున్నా దిగి తీయించాలి. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి.

ఈ మధ్య మన సభ్యులొకరు, పిల్లలు సెకండుహ్యాండు డీజిల్ కారు కొనిస్తామంటున్నారు, తీసుకోమంటారా అని నన్ను అడిగారు. వారానికి ఎంత తిరుగుతారని అడిగాను. గుడికి, మనవరాలి బడికి అన్నారు. పెట్రోలుది అడగమని చెప్పాను. మా అబ్బాయి కూడా అమ్మేసి చిన్న పెట్రోలు కారు తీసుకోమంటున్నాడు. అమ్మేవాణ్ణే గాని, మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. పెళ్ళయిన యాభై ఏళ్ళలో నెలకు రెండుసార్లు షికారుకు తీసుకుపోయింది ఈ దీపం పుణ్యానేనట.

లాగ్ బుక్కులో ఇప్పుడు ఒక గడి కొత్తగా గీశాను. పోయిన రెండో శనివారం రాసిన వరుస ఇది: కాకినాడ నుంచి అన్నవరం, తిరిగి కాకినాడ. మనుషులు ఇద్దరు. రానుపోను 103 కిలోమీటర్లు. ఆయిలు గుర్తు లోపల. దీపం లేదు. భానుగుడి సిగ్నల్ దగ్గర ఇంజను దానంతట అదే ఆగింది, దానంతట అదే లేచింది.